స్వామి బండలకు బరువుంటదా?

చాయ్ తాగుకుంట వినండి గాని, మధ్యల నవ్వకండి. మొన్న పెద్దేముల్ దాటినంక మా కారు రోడ్డు పక్కన ఎందుకు ఆగిందో తాండూరు సగం అప్పుడే చెప్పుకుంటున్నది. మా బామ్మర్ది శ్రీశైలం ఎవరెవరికి ఏమేం చెప్పిండో నాకు తెల్వదు. అసలు ముచ్చట నా నోట వినండి. తప్పు నాది కాదని మీరే అంటరు. అనకపోతే ఇంకో చాయ్ చెప్త, అప్పుడన్న అంటరు.

మా కారు సంగతి మీకు తెల్వంది కాదు. శనివారం భజనకు హార్మోనియాన్నీ, తబలానూ, మిమ్మల్ని అందరినీ మోసుకపొయ్యేది అదే. అసొంటి కారు ఈ మధ్య పెట్రోల్ మస్తు తాగబట్టింది. ఇదివరకు లీటరుకు పదిహేడు ఇచ్చేది, పదమూడుకు పడ్డది. నేనేమన్న ఊకున్ననా? బంకు మార్చిన. ఎయిర్ ఫిల్టర్ కొత్తది వేయించిన. బండల లారీల వెనక ఇరుక్కున్నప్పుడల్లా ఇంజన్ బంద్ చేసుడు నేర్చుకున్న. నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించిన. ఏం చేసినా పెట్రోల్ ముల్లు కిందికే.

ఒకనాడు మా సుజాత అన్నం వడ్డించుకుంటనే తేల్చేసింది. కారు అమ్మేద్దామన్నది. వాళ్ల తమ్ముడు శ్రీశైలం అప్పటికే బేరం గూడ చూసి పెట్టిండట. కారు పోతే భజన ఎట్ల? హార్మోనియం నెత్తిన పెట్టుకొని షేర్ ఆటోల వేలాడాలెనా?

"డిక్కీల ఏమన్న సామాను వేసినవా?" అని అడిగింది.

లేదన్న. అది అబద్ధం కాదు.

ఇక్కడ జర ఆగి ఒక సంగతి చెప్పాలె. డిక్కీల డజను బండలున్నయి. మన తాండూరు బండలే, అద్దం లెక్క పాలిష్ చేసినయి. అనంతగిరి గుట్ట దగ్గర మన గురువుగారి భజన మందిరం ఉన్నది గదా, దాని వసారాల పరిపిస్తనని మొక్కుకున్న. పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, శ్రావణంల డిక్కీకి ఎక్కించిన. అప్పుడే ఇచ్చొచ్చిన అని సుజాత అనుకున్నది. కాని ఏకాదశి, గురువారం కలిసొచ్చిన నాడే అప్పజెప్పాలని నా పట్టు. ఆ రెండు ఊకె కలువవు. కలిసిన నాడు నాకు ఏదో పని పడతది.

దించి ఇంట్ల పెట్టొచ్చు గదా అంటరు. మొక్కిన వస్తువు ఒకసారి గడప దాటితే మల్ల లోపలికి రావొద్దని మా నాయనమ్మ చెప్పేది. అందుకే అవి కారుల్నే ఉండిపోయినయి. వెనక భాగం జర కుంగింది, ఒప్పుకుంట. పొద్దుగూకినంక లైట్లేస్తే రోడ్డు మీద పడకుండ ఆకాశం దిక్కు చూస్తుండె. అది గూడ భక్తే అనుకున్న. సామాను అంటే మనది. అవి స్వామివి. స్వామివి బరువెట్ల అయితయి?

సరే, కారును కాపాడుకునేందుకు నేనే పందెం పెట్టిన. తాండూరుల ట్యాంకు నిండ కొట్టిద్దాం, అనంతగిరి పోయి దండం పెట్టుకొని వద్దాం, అదే బంకుల మల్ల నింపుదాం. లీటరుకు పదిహేను వస్తే కారు నాది. రాకపోతే తాళం చెవి శ్రీశైలం చేతిల. సుజాత సరేనన్నది. తమ్మున్ని జడ్జిగ నా పక్కన కూసోవెట్టింది.

ముందురోజు నేను పడ్డ కష్టం స్వామికే ఎరుక. కాళ్ల కింద మ్యాట్లు తీసేసిన. గొడుగు తీసేసిన. సుజాత పాత చెప్పులు తీసేసిన. టైర్లల్ల గాలి రాయి లెక్క కొట్టించిన. ఇంకేం బరువున్నదా అని ఆలోచిస్తే స్టెప్నీ, జాకీ యాదికొచ్చినయి. అవి బండల కిందనే ఉంటయి. ఒక్కొక్క బండను లేపి, బయట పట్టుబట్ట పరిచి దాని మీద పెట్టి, స్టెప్నీ, జాకీ తీసి ఇంట్ల పడేసి, మల్ల బండలన్ని దండం పెట్టుకుంట పేర్చిన. నడుము పట్టేసింది. అయినా కారు తేలికైందని మనసుకు మస్తు హాయి అనిపించింది.

నవ్వొద్దన్న గదా.

తెల్లారి బయలెల్లినం. ఏసీ బంద్. అద్దాలు దించితే గాలి కారును ఆపుతదని అవి గూడ పైకే. యాక్సిలరేటర్ మీద కాలు, గుడ్డు మీద పెట్టినట్టు పెట్టిన. సైకిలోళ్లు మమ్మల్ని దాటుకుంట లోపలికి తొంగి చూసిన్రు. శ్రీశైలం అంగి చెమటతోటి ఒంటికి అతుక్కున్నది.

"బావా, మైలేజ్ వస్తదో రాదో గాని, నాకు మోక్షం వచ్చేటట్టున్నది" అన్నడు.

అనంతగిరి పోతున్నం గదా, రానియ్ అన్న.

పెద్దేముల్ దాటినమో లేదో, లారీల నుంచి రాలిన బండ పెంకు ఒకటి టైరుల దిగింది. కారు పక్కకు ఒరిగింది. శ్రీశైలం సంబురంగ దిగిండు, గాలి తగిలిందని. నేను వద్దు వద్దంటుంటెనే పోయి డిక్కీ లేపిండు.

"బావా, స్టెప్నీ ఏది?"

"ఇంట్ల ఉన్నది."

"గీ బండలేంది?"

"స్వామివి."

"బరువని స్టెప్నీ తీసినవు. బండలు తియ్యలే?"

"స్టెప్నీ నాది రా. అవి నావా?"

వాడు రోడ్డు పక్కన కూసున్నడు. నవ్వుతున్నడో ఏడుస్తున్నడో నాకైతే తెల్వలే.

ఇంతల కంది బస్తాల ట్రాలీ ఒకటి ఆగింది. డ్రైవర్ చాంద్ పాషా అట, పెద్దేముల్ ఆయనే. ఫికర్ చెయ్యకు సామీ అని తన జాకీ తీసిండు. కాని మొన్నటి వానకు పక్కన నల్లరేగడి మెత్తగున్నది. జాకీ ఎత్తుడు ఏమో గాని, అదే మట్టిల దిగబడుతున్నది. దాని కింద గట్టిది ఏదన్న పెట్టాలన్నడు. శ్రీశైలం డిక్కీ దిక్కు చూసిండు. నేను డిక్కీకి అడ్డం నిలబడ్డ. బొట్టు పెట్టిన బండను జాకీ కింద పెడ్తరా అన్న. ఎండ ముదిరింది. చాంద్ పాషా కందులు మార్కెట్‌కు పోవాలె, పోకుండ మా కోసం ఆగిండు. నా మొండితనానికి ఆయన ఎందుకు ఎండాలె?

కండ్లు మూసుకున్న. "స్వామీ, ఒక్కటి వాడుకుంటున్న. దీనికి బదులు ఇంకో డజను ఇస్త" అని మొక్కి, ఒక బండ తీసిచ్చిన.

బండ కదలలే, కారు లేచింది. చాంద్ పాషా చక్రం తీసుకపోయి పంక్చర్ వేయించుకొచ్చిండు. నేను ఆ బండను కడిగి, తుడిచి, మట్టి అంటినంక ముహూర్తం చూడొద్దు, ఇయ్యాల్నే అప్పజెప్పాలె అన్న.

"ఈ శాస్త్రం ఎక్కడిది బావా?" అన్నడు శ్రీశైలం.

ఇప్పుడే వచ్చిందన్న.

మందిరంల డజను బండలు దించినం. కారు ఒళ్లు విరుచుకున్నట్టు ఇంత ఎత్తు లేచింది. దండం పెట్టుకొని తిరిగొచ్చి, తాండూరుల అదే బంకుల పెట్రోల్ నింపిస్తే లీటరుకు పదిహేను దాటింది. జరంతనే దాటింది, కాని దాటింది. వచ్చేటప్పుడు బరువు లేదు, గుట్ట గూడ దిగుడే గదా అని శ్రీశైలం లొల్లి పెట్టిండు. పోయేటప్పుడు ఆ గుట్టనే, అన్ని బండలతోటి ఎక్కలేదా అని అడిగిన. మొక్కు తీరింది, మైలేజ్ వచ్చింది, ఇంకేం సాక్ష్యం కావాలె? ఇదంత స్వామి దయ అన్న.

సుజాత అంత విని డిక్కీ లేపింది. ఖాళీ అడుగుకు అంటిన పసుపును వేలుతోటి తీసి చూసుకున్నది.

"పెట్రోల్ తాగింది కారు కాదు, నీ మొక్కు" అన్నది. "కారు ఉండనియ్. ఇగ డిక్కీల ఒక్క బండ కనవడ్డా, తాళం చెవి మా తమ్మునికే."

మాట అంటే మాటే. డిక్కీల గడ్డిపోచ లేదు, కావాలంటే పోయి చూసుకోండి.

కాని తొవ్వల ఇంకో డజను మొక్కిన గదా. అవి గూడ పాలిష్ అయి, పసుపు, బొట్లు పెట్టుకొని తయారైనయి. ఏకాదశి గురువారం నాడు రాలే. ఇంట్ల పెట్టరాదు. డిక్కీల పెట్టొద్దన్నది. వెనక సీటు గురించి ఆమె ఏమనలే.

అందుకే ఈ శనివారం హార్మోనియం నా పక్కన కూసుంటది, మీరు షేర్ ఆటోల రాండి. స్వామి బండలకు బరువుండదని ఇప్పటికీ చెప్త, ఎవరి ముందటనైనా చెప్త. జాగనే జర ఎక్కువ పడతది.