గంటసేపు మాట్లాడకూడదు

మొగల్తూరు పాపాయి నోరు మూసుకుని కూర్చుందంటే నరసాపురంలో ఎవరూ నమ్మరు. నెత్తిన గంపతో వీధి మొదట్లో "చేపలమ్మా, చేపలూ" అని కేక వేసిందంటే వీధి చివరింట్లో పిల్లి లేచి కూర్చునేది. బేరం కుదరకపోతే తిట్టేది, కుదిరితే ఇంకా ఎక్కువ తిట్టేది. యాభై అయిదేళ్ళ మనిషి, ఆ గొంతు మీదే బతికింది.

ఇంటికొచ్చినా ఆ నోరు ఊరుకోదు. మొగుడు ముసలయ్య పచ్చకామెర్లతో పోయి ఆరేళ్ళయింది. పిల్లల్లేరు. పెద్దదినం అయిన మర్నాడు పొయ్యి దగ్గర కూర్చుని, అలవాటు కొద్దీ, "మావా, పులుసులో చింతపండు ఎక్కువైందేమో చూడు" అంది. వద్దనే దిక్కు లేదు. అప్పట్నుంచీ అదే వరస. ఆమే అడుగుతుంది, ఆయన జవాబూ ఆమే చెబుతుంది, మళ్ళీ ఆ జవాబు మీద కయ్యానికి దిగుతుంది. ఎవరైనా వింటే ఏమనుకుంటారంటారా? వినేవాళ్ళుంటే ఈ అవస్థ ఎందుకు?

పోయినేడు మెడ పక్కన గడ్డలు లేచాయి. రాజమండ్రిలో పరీక్ష చేసి క్యాన్సరన్నారు. ఆరు నెలలు కీమో ఎక్కించారు. జుట్టు రాలింది, గంప మూలన పడింది. గడ్డలైతే కరిగాయిగానీ, లోపలెక్కడైనా మిగిలిందేమో పెట్ స్కాన్ తీసి చూడాలన్నారు. మిగలకపోతే బతికినట్టే.

స్కాన్ దగ్గర వినీల అనే టెక్నీషియన్ పిల్ల వేలు గుచ్చి షుగర్ చూసింది. సీసపు డబ్బాలోంచి సిరంజి తీసి మందు ఎక్కించింది.

"ఇది చక్కెర లాంటి మందమ్మా, కొంచెం రేడియేషన్ ఉంటుంది. ఒంట్లో ఎక్కువ పనిచేసే చోటికి పోయి చేరుతుంది. క్యాన్సరుంటే అక్కడ వెలుగు కనబడుతుంది. అందుకని గంటసేపు కదలకూడదు, ఏమీ నమలకూడదు, ఎవరితోనూ మాట్లాడకూడదు. మీతో ఎవరొచ్చారండి?"

"ఎవరూ రాలేదండి."

"సాయంత్రం దాకా చంటిపిల్లలకీ, కడుపుతో ఉన్నవాళ్ళకీ దూరంగా ఉండండి."

"నా దగ్గరికి ఎవరొత్తారండీ" అని నవ్వింది పాపాయి. వినీల నవ్వలేదు. తలుపు మూసి వెళ్ళిపోయింది.

మందపాటి గోడలు. కిటికీ లేదు. ఏసీ హోరు తప్ప మనిషి అలికిడి లేదు. పాపాయికి చచ్చేంత భయమేసింది. కాసేపు ఓర్చుకుంది. ఆ తరవాత, "చూశావా మావా, నన్నెక్కడ కూకోబెట్టారో" అంది మెల్లగా.

మర్నాడు డాక్టర్ శాంతికుమార్ గారు కంప్యూటర్లో బొమ్మ చూపించారు. పక్కన వినీల నిలబడి ఉంది.

"మెడలో గడ్డల్లేవమ్మా. కానీ గొంతులో ఇక్కడ వెలుగు కనబడుతోంది. ఇంజక్షన్ తరవాత ఎవరితోనైనా మాట్లాడారా?"

"లేదండి. ఆ గదిలో ఎవరున్నారండి మాటాడ్డానికి?" నిజమే చెబుతున్నాననుకుంది.

"అయితే గొంతులోకి గొట్టం వేసి చూడాలి. అనుమానముంటే చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలి."

"ముక్కా! గొంతు పోద్దాండి?"

"కొన్నాళ్ళు బొంగురుపోవచ్చు. ఆ ముక్కలో రోగముంటే మాత్రం అప్పుడు చూడాలి."

చేపలమ్మే సంగతి అలా ఉంచండి, గొంతు లేకపోతే ఇంట్లో మావతో ఎలా మాట్లాడేది? అదుగో, అప్పుడు తట్టింది పాపాయికి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మాటాడానండి."

"ఎవరితో?"

మొగుడి పేరు నోట పలకదు గదా. "మా ఇంటాయనతోనండి."

డాక్టరు గారు వినీల వైపు కోపంగా తిరిగారు. "ఆయన్ని ఆ గదిలోకి ఎవరు రానిచ్చారు?"

"ఆ పిల్లనేం అనకండి బాబూ. ఆయన పోయి ఆరేళ్ళయిందండి."

వినీల తల దించుకుంది. డాక్టరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఎంతసేపు మాట్లాడారమ్మా?"

"ముప్పావు గంటండి. మధ్యలో ఆయన అలిగాడు."

"మాటల వల్లే అయ్యుండొచ్చు. కానీ అనుకుంటే చాలదు, తేలాలి. రెండు వారాలాగి మళ్ళీ తీద్దాం. ఈసారి ఆయనతో కూడా వద్దు."

రెండు వారాల తరవాత అదే గది, అదే హోరు. పాపాయి పళ్ళు బిగించుకుని కూర్చుంది. మావ ఏమైనా అంటాడేమోనని చూసింది. ఏమంటాడు? ఆయన మాటలు కూడా ఆమె నోట్లోంచే రావాలి గదా! ఈమె నోరు మూసేసరికి ఆయన నోరూ పడిపోయింది. ఆరేళ్ళలో ఎప్పుడూ అంతసేపు ఆమె ఊరుకోలేదు. గంట గడిచేసరికి ఎదురుగా కుర్చీ ఒకటుందనీ, అందులో ఎవరూ లేరనీ తెలిసింది.

"గొంతు శుభ్రంగా ఉందమ్మా. ఎక్కడా ఏమీ లేదు" అన్నారు మర్నాడు డాక్టరు గారు. "ఇక మీ ఇష్టమొచ్చినంత మాట్లాడుకోండి."

పాపాయి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. బయటికొచ్చి మెట్ల మీద నిలబడి, "మావా, తగ్గిపోయిందంటయ్యా" అంది. జవాబు తనే చెప్పాలి. నోరు తెరిచింది. ఆయన ఏమనేవాడో ఎంత వెతుక్కున్నా దొరకలేదు. అక్కడే కూలబడి, వీధి వీధంతా తిరిగి చూసేలా, ఆ గొంతంతా పెట్టి ఏడ్చింది.

ఎవరో పెద్దావిడ వచ్చి భుజం పట్టుకుంది. "ఏమ్మా, రిపోర్టు బాగా రాలేదా?"

"బాగానే వచ్చిందండి. మా ఆయన పోయాడండి."

"అయ్యో తల్లీ! ఎప్పుడమ్మా?"

"నిన్ననేనండి" అంది పాపాయి.