కమాను మీది పేరు

మా ఊరి కమాను పేరు మార్చాలని గొడవ మొదలైనప్పుడు అందరికంటే ఎక్కువ ఎగిరింది నేనే. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే దారిలో, మా ఊరికి తిరిగే చోట ఉంటుంది ఆ రాతి కమాను. దాని నడినెత్తిన పెద్ద దొరసాని పేరు చెక్కి ఉంది. వెనకాల గడి, అంటే దొరల కోటలాంటి ఇల్లు, ఎప్పుడో కూలిపోయింది. దాని దూలాలు ఎవరెవరి ఇండ్లలో తేలాయో ఊళ్లో అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు. కమాను మాత్రం చెక్కుచెదరలేదు. బస్సు స్టేజీకి ఆ పేరే, పక్కన చాయ్ హోటల్‌కు ఆ పేరే, ఎరువుల దుకాణానికీ ఆ పేరే.

నాకు కామారెడ్డిలో చిన్న కుట్టుషాపు ఉంది. సాయంత్రం తిరుగు బస్సులో టికెట్ అడగాలంటే ఆ పేరు నా నోటితోనే అనాలి. దొరసాని పోయి ఇన్నేండ్లయినా నాతో పేరు పలికించుకుంటూనే ఉందని ఒళ్లు మండేది. ఒక్కోరోజు పంతానికి ముందు స్టేజీ పేరు చెప్పి, అక్కడే దిగి నడిచి వచ్చేదాన్ని. "నీ కాళ్లు నొస్తే దొరసానికేం నష్టమే" అని హోటలాయన నవ్వేవాడు. నవ్వితే నవ్వనీ అనుకునేదాన్ని.

నా మంటకు కారణం మా అమ్మమ్మ. రామారెడ్డి దిక్కున్న ఒక గడి నుంచి ఇక్కడి గడికి పెద్ద దొరసాని కోడలు కొత్తగా వచ్చినప్పుడు ఇత్తడి బిందెలు, పట్టెమంచం, పాడి ఆవులతో పాటు వెంట పంపిన పిల్ల ఆమె. ఆడబాప అనేవారు. దొరబిడ్డ కాళ్లొత్తడానికి, నీళ్లు తోడడానికి, పిలిస్తే పలకడానికి అలా ఒక పిల్లను ఇచ్చేసేవారు. ఆ పిల్ల మళ్లీ తల్లి మొహం చూసేది కాదు. కూలి లేదు, తనదంటూ సంసారం లేదు, పొమ్మనేదాకా పోవడానికి లేదు. మేము తల్లిని అవ్వ అంటాం. మా అవ్వ ఆ గడి వెనక కొట్టంలోనే పుట్టింది, నడక వచ్చినప్పటి నుంచి అక్కడే పేడ తీసింది. మనుషులను బానిసలుగా వాడుకున్న ఇంటామె పేరును ఊరి నెత్తిన పెట్టుకొని తిరుగుతున్నామంటే మనకు సిగ్గుండాలా వద్దా అని నేను కనబడిన వాళ్లందరినీ నిలబెట్టి అడిగేదాన్ని.

ఊరి యువకులు కొందరు పేరు తీసేయాలని గ్రామసభలో తీర్మానం పెడతామన్నారు. ఇక చూడండి. ఒకరు ఒక మహానాయకుడి పేరు పెట్టాలన్నారు. ఇంకొకరు దేవుడి పేరైతే ఎవరికీ నొప్పి ఉండదన్నారు. ఒకాయన పోయిన తన తండ్రి పేరే పెట్టమని, ఊరికి ఆయన చేసిన మేలు ఏకరువు పెట్టాడు. ఎరువుల దుకాణమాయనది ఇంకో బాధ. "ఆధార్ కార్డుల గదే ఉన్నది, బ్యాంకుల గదే ఉన్నది. మారిస్తే ఆఫీసుల చుట్టు ఎవలు తిరగాలె?" అన్నాడు. ఏ పేరైనా పెట్టుకోండి, ముందు దాన్ని తియ్యండి అన్నది నా మాట. షాపు మూసి వచ్చాక ఇల్లిల్లూ తిరిగాను. కూర్చుంటే కూర్చోబుద్ధి కాదు, పడుకుంటే నిద్ర రాదు. ఆ వారం ఒకామె రవికకు చేతులు తిరగేసి కుట్టి తిట్లు కూడా తిన్నాను.

సంగతి తెలిసి ఆ పెద్ద దొరసాని మునిమనుమడు హైదరాబాద్ నుంచి కారులో వచ్చాడు. మెత్తటి మనిషి, మాట కూడా మెత్తన. "చరిత్రను చెరపొద్దండి. కమాను పగుళ్లు పట్టింది, నేనే బాగు చేయిస్తాను" అన్నాడు. హోటల్ ముందు కుర్చీల్లో ఉన్నవాళ్లంతా తెలియకుండానే లేచి నిలబడి దొరా అన్నారు. నేను లేవలేదు. సారూ అన్నాను.

ఇంట్లో మాత్రం నా మాట చెల్లలేదు. గడిలో పని చేసినవాళ్లలో ఇంకా బతికి ఉన్నది మా అవ్వే. సభకు వచ్చి రెండు మాటలు చెబితే చాలు, ఎదుటివాళ్ల నోళ్లు మూతపడతాయి. ఎంత బతిమాలినా రానంది. చాటలో బియ్యం పోసుకొని, రాళ్లు లేకపోయినా ఏరుతూ కూర్చుంది. ఇంకా ఆ గడికి భయపడుతోందని నేననుకున్నాను. జాలికి బదులు కోపమొచ్చింది.

సభ రోజు మధ్యాహ్నం ఆ కోపం బయటపడింది. "గా దొరసాని పేరంటే నీకెందుకే గంత పావురం, గంత ప్రేమ? మీ అవ్వతోని ఊడిగం చేయించుకున్నామె గాదా?" అని అరిచాను.

అవ్వ చాట కింద పెట్టింది. "గది మా అవ్వ పేరు" అంది.

"ఏది?"

"గా కమాను మీదున్నది. మా అవ్వకు కన్నతల్లి పెట్టిన పేరు గదే. గడికి వచ్చినంక తెలిసిందట, అత్త దొరసానిది గూడ గదే పేరని. పనిపిల్లను తిట్టాలంటే దొరసాని పేరు పెట్టి తిట్టినట్టయితది గద. గందుకని తీసేసిండ్రు. ఏ వారం వచ్చిందో గా వారం పేరు పెట్టి పిలిచిండ్రు. సచ్చిందాంక గదే."

మా అమ్మమ్మను ఊరంతా ఆ వారం పేరుతోనే పిలిచేది. ఓటరు కార్డు మీద కూడా అదే. అది తల్లిదండ్రులు పెట్టిందని నేను ఇన్నేండ్లూ అనుకున్నాను.

"నాకు నీళ్లపొయ్యి కాడ చెవుల చెప్పింది. బయట అంటే ఈపు పలుగుతది బిడ్డా అన్నది" అంది అవ్వ. "దొరసాని సచ్చినంక కొడుకు గా కమాను కట్టిచ్చిండు. మా అవ్వనే సున్నం మోసింది. పైన ఏం పేరు చెక్కుతుండ్రని అడిగితే చెప్పిండ్రట. సప్పుడు చెయ్యక మల్ల తట్ట ఎత్తుకున్నదట. ఇప్పుడు బస్సుల కండక్టరు గట్టిగ గా పేరు ఒర్లుతుంటె నాకు మా అవ్వను పిలుస్తున్నట్టే ఉంటది. తీసేస్తె ఎవలు పిలుస్తరు?"

ఏం చేయమంటావని అడిగితే "నీ ఇష్టం" అని మళ్లీ చాట అందుకుంది. అది భయం కాదని అప్పటికి నాకు తెలిసింది. సభకు ఎలా నడిచానో నాకే తెలియదు. మధ్యలో ఒకసారి వెనక్కి తిరిగి, మళ్లీ ముందుకు పోయాను.

పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేశారు. నన్ను మాట్లాడమనగానే అవ్వ చెప్పినదంతా చెప్పేశాను. ఒక్కసారిగా గోల. "అక్కా, ఇన్ని రోజులు మమ్ముల తిప్పింది నువ్వు, ఇయ్యాల నువ్వే అడ్డం తిరుగుతవా?" అని యువకులు లేచారు. సర్పంచ్ అందరినీ కూర్చోబెట్టి, "ఇగ నీ మాటేందో చెప్పమ్మా. ఉంచుదమా, తీద్దమా?" అన్నాడు. నిజంగా నాకు తెలియదు. ఉంచితే ఊరు దొరసానిని తలుచుకుంటుంది. తీస్తే అమ్మమ్మ పేరు మీద నేనే సుత్తె దెబ్బ వేసినట్టవుతుంది.

అప్పుడు ముందు వరుసలో కూర్చున్న మునిమనుమడు లేచాడు. మొహం వెలిగిపోతోంది. "ఎంత మంచి విషయం చెప్పారండీ! అయితే గొడవే లేదు. పేరు అట్లాగే ఉంచి, ఇద్దరిదీ అనుకుందాం. కింద ఒక చిన్న పలక పెట్టించి, మీ అమ్మమ్మగారి గురించి కూడా రాయిస్తాను" అన్నాడు. చాలామంది తలలూపారు. ఒక్క క్షణం నేనూ ఊపబోయాను. కింద, చిన్న పలక అన్న మాటలు చెవిలో గుచ్చుకున్నాయి.

"సారూ, ఇద్దరికీ ఒకటే పేరు ఉండొద్దనే గద మీ ఇంట్ల మా అమ్మమ్మ పేరు గుంజుకున్నరు. అప్పుడు పంచలేనిది ఇప్పుడు పంచుతరా?" అన్నాను. పేరు తీసేయాలని అందరికంటే ముందు చెయ్యెత్తాను. నా వెనక చేతులు లేచాయి. కొత్త పేరు మీద మళ్లీ కొట్లాట మొదలై అది వాయిదా పడింది కానీ, పాతది తీయడం ఖాయమైంది.

గెలిచినదాన్ని గెలిచినట్టు రావాలి కదా. తప్పు చేశానేమోనని చేతులు పిసుక్కుంటూ వచ్చాను. అవ్వ వాకిట్లోనే కూర్చుంది. "తీసేస్తున్నరే. నేనే చెయ్యెత్తిన" అన్నాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననిపించింది.

అవ్వ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. తర్వాత, "పోనియి. రాయి మీదున్నన్ని రోజులు అందరు దొరసానిదే అనుకుందురు. ఇగ గది మా అవ్వొక్కదానిదే" అంది. అంతలోనే నా చెయ్యి పట్టుకుంది. "నేను పోయినంక పిలిచెటోల్లు ఉండరు. ఏదీ, నువ్వొక్కసారి పిలువు."

మెల్లగా, పక్కింటికి కూడా వినబడనంత మెల్లగా అన్నాను.

"గట్టిగ అనవే" అంది అవ్వ. "గడిల ఉన్నమా ఏంది?"

గొంతెత్తి మా అమ్మమ్మను పేరు పెట్టి పిలిచాను.