నీళ్ళలో ఉండాల్సిన దోనెలు

ఏప్రిల్ నెల, ఉదయం ఆరు గంటలు. మోటారు పడవ ఒడ్డుకి తగలగానే ఒకరి వెనక ఒకరం దూకాం. మోకాళ్ళ లోతు నీళ్ళు, కింద బురద. వీపున ముప్పై కిలోల బరువు, చేతిలో రైఫిలు. ఎదురొచ్చినవి రెండు కుక్కలు. వాటి వెనక ఒక మనిషి, చేతులు రెండూ పైకెత్తి. ఆ విధంగా లంకను పట్టుకున్నాం.

కొరాపుట్ కొండల్లో ఆనకట్ట కట్టినప్పుడు లోయలన్నీ మునిగి, కొండల తలలు మాత్రం పైకి మిగిలాయి. అలాంటి లంకల్లో ఒకటి ఇది. తెల్లవాళ్ళు ఈ కొండల సరిహద్దు కొలవకుండానే దేశం వదిలిపోయారు. అప్పట్నుంచి మాదంటే మాదని రెండు రాష్ట్రాల తగవు. జనం దగ్గర రెండు వైపుల రేషన్ కార్డులూ ఉన్నాయి, ఏ వైపు డాక్టరూ లేడు. అడవిలోని తుపాకుల వాళ్ళు వచ్చి కూర్చోకముందే మీరు వెళ్ళి కూర్చోండి, తగవు సంగతి తర్వాత చూద్దాం అని మా పటాలానికి ఉత్తర్వు. ఇప్పుడు జేకేపూర్‌లో మా వీధివాళ్ళు నన్ను “లంకని జయించొచ్చేడు” అని ఆటపట్టిస్తారు. ఒక్క తూటా పేల్చకుండా జయించాం మరి.

మూడో రోజు సోదాలో, ఒడ్డు పక్కన నీళ్ళ అడుగున పదకొండు దోనెలు దొరికాయి. ఒక్కొక్కటీ ఒక్క మానులో తొలిచింది. లోపల బండరాళ్ళు పేర్చి ముంచేశారు. మా సుబేదార్ సాబ్ మొహం ఎర్రబడింది. “ఎవరి కోసం దాచారు?” అన్నాడు.

చేతులెత్తిన మనిషే జవాబు చెప్పాడు. అతనిది దేశియా భాష. రాయగడ సంతల్లో పెరిగినవాణ్ణి కాబట్టి నాకు వచ్చు. పని లేని ఎండాకాలంలో దోనెల్ని నీళ్ళలోనే ఉంచుతాం, ఎండ తగిలితే చెక్క విచ్చిపోతుంది అన్నాడు. ఉన్నదున్నట్టు సాబ్‌కి హిందీలో చెప్పాను. సాబ్ మైదానాల మనిషి. పడవని ముంచి కాపాడుకుంటారంటే నమ్మలేదు. పదకొండింటినీ పైకి లాగి, పోస్టు పక్కన బండ మీద గొలుసు వేసి కట్టించాడు. ఏప్రిల్, మే నెలల ఎండంతా వాటి మీద కాసింది.

మా వైర్‌లెస్ సెట్టు ఆపరేటర్‌ది గుణుపురం. పోస్టులో తెలుగు మాట్లాడేవాళ్ళం మేమిద్దరమే. మనిషి సన్నం, నోరు పెద్దది. ఇసుక బస్తాల మధ్య సెట్టు ముందు కూర్చుని రోజూ ఒకటే పాట. “అన్నా, ఈ లంక మనకిచ్చేసినా నాకొద్దు. మా ఆడదాని సేతి అట్టు ముందు ఇదేటి?” వచ్చే నెలే వాడి సెలవు.

జూన్ మొదటి వానలకి వాడికి జ్వరం తగులుకుంది. రెండో రోజు మాట తడబడింది. మూడో రోజు పొద్దున్న నన్నే ఎవరని అడిగాడు. మందుల జవాను వాడి కళ్ళు విప్పి చూసి, “మలేరియా మెదడుకెక్కింది. సాయంత్రంలోగా ఆస్పత్రికి చేరాలి, లేకపోతే దక్కడు,” అన్నాడు.

సెట్టు నేనే పట్టుకున్నాను.

“బేస్, లంక పోస్టు. మనిషి పోయేలా ఉన్నాడు. పడవ పంపండి. ఓవర్.”

“పడవ నడవదు. మునిగిన చెట్టు మొద్దుకి తగిలి పంకా విరిగింది. ఇంకోటి రేపు వస్తుంది. ఓవర్.”

“హెలికాప్టర్? ఓవర్.”

“మబ్బు దిగి ఉంది. వెయిట్. ఓవర్.”

పదింటి దాకా వెయిట్, పన్నెండింటికీ వెయిట్. ఎదురుగా అవతలి ఒడ్డు కనిపిస్తూనే ఉంది. నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. సెట్టుని నేలకేసి కొట్టాలనిపించింది.

దోనెల దగ్గరికి పరిగెత్తాం. పదకొండూ నిలువునా పగిలి ఉన్నాయి. వేలు దూరేంత సందులు, మూడు రోజుల వానకి పూడేవి కావు. గుడ్డలు కూరి, గ్రీజు మెత్తి ఒకదాన్ని నీళ్ళలోకి తోశాం. చూస్తుండగానే నిండిపోయింది. చేతులెత్తిన మనిషి ఒడ్డున నిలబడి చూస్తున్నాడు. ఆ దోనె అతనిదే. ఏం చెయ్యాలని అడిగాను.

“ముంచి నాలుగు రోజులు ఉంచితే చెక్క ఉబ్బి మూసుకుంటుంది,” అన్నాడు. మా దగ్గర నాలుగు గంటలు లేవు.

ఖాళీ జెర్రీకాన్ డబ్బాలు తెచ్చి, తేలడానికి దోనెకి రెండు పక్కలా తాళ్ళతో బిగించాం. రోగిని కొండ మీంచి భుజాన మోసుకొచ్చింది సుబేదార్ సాబే. ఎవరి వైపూ చూడలేదు. దోనె మనిషి తెడ్డు తీసుకుని ముందుగా ఎక్కి కూర్చున్నాడు. “మీకు చేతకాదు,” అన్నాడు, అంతే. మందుల జవానూ నేనూ మెస్ టిన్నులతో నీళ్ళు తోడుతున్నాం. ఎంత తోడితే అంత వస్తోంది. రోగి తల నా మోకాలి మీద.

సగం దూరంలో వాడు కళ్ళు తెరిచాడు. కుడిచేత్తో దోనె అంచు పట్టుకుని సెట్టు బొత్తాం నొక్కినట్టు బొటనవేలితో నొక్కాడు.

“గుణుపురం, గుణుపురం. నాను లంక. వినబడతందా? ఓవర్.”

వేలు తీసి, చెవి అటు పెట్టాడు. జవాబు కోసం చూస్తున్నాడు.  వాడి చెవి దగ్గరికి వంగి అన్నాను.

“వినబడతంది. సెప్పు. ఓవర్.”

వాడి మొహం విప్పారింది. మళ్ళీ నొక్కాడు. “ఇంటికొచ్చేస్తన్నాను. రాత్రికి అట్టు పోస్తావేటి?”

“పోస్తాను. బేగి రా,” అన్నాను. “బేగొచ్చెయ్యి. ఇంటన్నావా?”

నీళ్ళు తోడుతూనే ఉన్నాం. ఒడ్డుకి చేరాక మందుల జవాను వాడి మెడ దగ్గర చెయ్యి పెట్టి చూసి, టిన్ను కింద పడేశాడు.

పదకొండు దోనెల్నీ మళ్ళీ ముంచుకోమని ఆ వారమే సాబ్ గొలుసు విప్పించాడు. ఏడు మాత్రమే బాగయ్యాయి. నా కాలం పూర్తయి రాయగడ వచ్చాక, బస్సెక్కి గుణుపురం వెళ్ళాను. వాడి భార్య మంచినీళ్ళిచ్చి, గుమ్మం దగ్గరే కూర్చుంది.

“ఆకర్న నా మాటేటైనా అన్నేడా అన్నియ్యా?”

“ఇంటికొచ్చేస్తన్నానన్నేడమ్మా. అట్టు పోస్తావా అని అడిగేడు. నీ బదులు నానే పోస్తానన్నాను.”

“ఇన్నేడా?”

“ఇన్నేడమ్మా,” అన్నాను.

మీకు నిజం చెబుతాను. మా సెట్టులో బొత్తాం నొక్కి ఉన్నంతసేపు అవతలివాళ్ళ మాట మనకి వినబడదు. వేలు తీస్తేనే వినబడుతుంది. రెండోసారి వాడు ఓవర్ అనలేదు. ఒడ్డున దించబోతే చెయ్యి దోనె అంచుని వదల్లేదు. ఆ వేలిని నేనే విప్పదీశాను. తడిసి, తెల్లగా పాలిపోయి, బొటనవేలు చెక్కని ఇంకా గట్టిగా నొక్కే ఉంది.