గోపాల్‌పూర్ పడవకు మేకులు

గంజాం జిల్లా ఒరిస్సాలో కలవక ముందు, మదరాసు ప్రెసిడెన్సీలో ఉన్న చివరి మాఘమాసంలో నన్ను బరంపురం పంపారు. మదరాసులో ఒక చిత్రశాలలో గైడుగా చేరి అప్పటికి ఏడాది కాలేదు, ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నాను. మా తైలవర్ణ చిత్రాలను అక్కడి ఒక హైస్కూలు హాలులో వారం రోజులు ప్రదర్శిస్తారు. రోజూ రెండు పూటలా జనాన్ని ఉచితంగా తిప్పి చూపించడం నా పని. పుట్టి పెరిగింది బరంపురంలోనే, తెలుగూ ఒరియా రెండూ వచ్చు కనుక నన్ను ఎంచుకున్నారు. సొంత ఊళ్లో కోటు తొడుక్కుని నిలబడతానన్న సంబరంలో రైల్లో నాకు కునుకు పట్టలేదు.

చిత్రాలు వేలాడదీయడానికి ఒక పద్ధతి ఉంది. చిత్రం నడిభాగం నిలబడ్డ మనిషి కంటికి ఎదురుగా రావాలి. కిటికీ వెలుగు పక్కనుంచి పడాలి. ఎవరి చేతులూ తగలకుండా గోడకు బారెడు దూరంలో అడ్డుతాడు కట్టాలి. బజారులో కొబ్బరి తాడు తెప్పించి నేనే కట్టాను.

జనం విరగబడి వచ్చారు. షావుకార్ల ఇళ్ల ఆడవాళ్లు గుమ్మం బయటే చెప్పులు విప్పి, లక్ష్మీదేవి చిత్రానికి దండం పెట్టుకుని గాని ముందుకు కదిలేవారు కాదు. అందరూ ఎక్కువసేపు ఆగేది మాత్రం కెరటాల మీద పడవ ఉన్న చిత్రం దగ్గర. "మన గోపాల్‌పూరే! సూడు, సూడు!" అని ఒకరినొకరు తోసుకునేవారు. అది మా సూపరింటెండెంటు దొర సెలవుల్లో బరంపురం పక్కనే సముద్రపు ఒడ్డున ఉన్న గోపాల్‌పూర్ వచ్చి, పెన్సిలుతో గీసుకుపోయి, మదరాసులో రంగులు వేసిన చిత్రం. పలకల మీది ప్రతి మేకు తలపైనా ఎండ మెరుపు దిద్దారు. ఆ మేకుల పనితనం గురించి వారమంతా నేను ఊదరగొట్టాను.

ఆఖరి రోజు దొర స్వయంగా వచ్చారు. నా గైడు పని చూసి, నన్ను ఖాయం చేయాలో వద్దో రాయాల్సింది ఆయనే. ఆ పూట నేను తిప్పుతున్న జట్టులో నూకమ్మ అనే గోపాల్‌పూర్ బెస్త ఆమె ఉంది. ఎండుచేపలు అమ్ముకోవడానికి ఊళ్లోకి వచ్చి, ఖాళీ గంప వరండాలో పెట్టి లోపలికొచ్చింది. నేను మేకుల దగ్గరికి రాగానే పకపకా నవ్వింది.

"ఏటి బాబూ, ఈ పడవకి మేకులేటి? మేకులు కొట్టిన పడవని మా కెరటంలోకి తోస్తే ముక్కలైపోద్ది. మావి తాడుతో కుట్టిన పడవలు. కెరటం కొడితే ఒంగుతాది, మళ్లీ సక్కనవుద్ది."

హాలంతా గొల్లుమంది. దొరకు తెలుగు రాదు. ఆమె ఏమంటోందని నన్నడిగారు. మీ చిత్రాన్ని మెచ్చుకుంటోందని చెబితే ఉద్యోగం నిలుస్తుంది. ఆ జట్టులో ఇంగ్లీషు వచ్చి, అబద్ధం పట్టుకోగలవాళ్లు ఒక్కరూ లేరు. కానీ నూకమ్మ నా నోటి వంక చూస్తోంది. ఆమె అన్నది అన్నట్టే ఇంగ్లీషులో చెప్పేశాను.

దొర ముఖం కందగడ్డ అయింది. ఎలా కుడతారో చూపించమన్నారు. నూకమ్మ నేను కట్టిన అడ్డుతాడే విప్పి, గుమ్మంలోని తన చెప్పులు రెండూ తెచ్చి, అంచుకు అంచు ఆనించి, "ఇదో పలకా, ఇదో పలకా" అంటూ తాడు అటూ ఇటూ తిప్పి చూపించింది. అడ్డు లేకపోయేసరికి జనం చిత్రం మీదికి ఎగబడ్డారు. వాళ్ల మధ్య దొర నేల మీద గొంతుక్కూర్చుని చూస్తూ ఉండిపోయారు.

మర్నాడు తెల్లారకముందే నన్ను వెంటబెట్టుకుని గోపాల్‌పూర్ వెళ్లారు. ఇద్దరం కుట్టు పడవ ఎక్కాం. కెరటం కొట్టగానే కాళ్ల కింద పలకలు నిజంగానే ఒంగాయి, మళ్లీ చక్కనయ్యాయి. తడిసి ముద్దయిన దొర చిన్నపిల్లాడిలా కేక పెట్టారు. నేనూ పెట్టాను. చిన్నప్పటి నుంచీ ఆ ఒడ్డున తిరిగినవాణ్ణి, ఒక్కనాడూ ఆ కుట్లు చూడలేదు. పెరటి చెట్టు మందుకు రాదని ఊరికే అనలేదు.

మదరాసు చేరాక దొర ఆ మేకుల మీద రంగు పూసి కుట్లు వేశారు. నన్ను ఖాయం చేశారు. నా రిపోర్టులో లోపాలు రాసే చోట మాత్రం "సందర్శకులను మాట్లాడనిస్తాడు" అని రాశారు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ చిత్రం ముందు ఆగినా, నేను చెప్పబోయే ముందు మీకేం కనిపిస్తోందని జనాన్ని అడిగాను. ఆ లోపం చివరిదాకా దిద్దుకోలేదు.