అతుకు నీళ్లకి పైన

మార్చి సగం గడిచేసరికి భిలాయి పక్కన రిసాలిలో మా వీధి పొడుగునా కిటికీలకి కూలర్లు వచ్చేస్తాయి. కూలర్లలో వేసిన కొత్త గడ్డి మీద మొదటిసారి నీళ్లు పడినప్పుడు వచ్చే వాసన అందరికీ హాయి. నాకు మాత్రం భయం. వెంటనే తవిటయ్య బాబాయి గుర్తొస్తాడు.

బాబాయి నాకు చుట్టం కాదు. కుర్రతనంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, ఉక్కు కర్మాగారంలో ఎలక్ట్రీషియన్‌గా రిటైరై, సుపేలాలో కూలర్లు బాగుచేసే చిన్న దుకాణం పెట్టుకున్న మనిషి. నేను పాలకొండ నుంచి కాంట్రాక్టు పనికి భిలాయి వచ్చాను. ఆ పని రెండు నెలల్లో అయిపోయింది. ఊరికి ఏ మొహం పెట్టుకుని వెళ్లను? ఎవరో చెబితే బాబాయి దగ్గరికి వెళ్లాను. "ఎండాకాలం దాటీవరకూ సూద్దాం. పని కుదిరితే ఉండిపోదువు గాని" అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని బతికాను. ఆటో ఎక్కకుండా రిసాలి నుంచి నడిచేవాణ్ణి. పొద్దున వండిన అన్నమే రెండు పూటలా తినేవాణ్ణి. హిందీలో ఎవరేం అడిగినా "హా జీ" అనేవాణ్ణి, అర్థం కాలేదంటే తీసేస్తారేమోనని.

కాలిన మోటారుకి కొత్త తీగ చుట్టడం వచ్చని కూడా అబద్ధమాడాను. మొదటి వారంలోనే నేను చుట్టిన మోటారు పొగ కక్కింది. కాలిన తీగచుట్టని పాత గడ్డి కింద దాచేశాను. మర్నాడు వెళ్లేసరికి అది గోడకి మేకున వేలాడుతోంది. "ఏటలా సూస్తన్నావు? రాకపోతే రాదని సెప్పు, నేర్పుతాను. దాసీస్తే నానేటి నేర్పగలను?" అన్నాడు బాబాయి. తిట్టినా బాగుండేది. ఆ మేకు వైపు చూడాలంటేనే భయమేసేది.

ఆయన అన్నిటికంటే ముందు నేర్పిన పని ఒకటుంది. కూలర్లో నీళ్లు తోడే పంపు తీగకి అతుకు వేస్తే, టేపు చుట్టి, దాన్ని లోపల పై అంచున కట్టాలి. కింద వదిలేస్తే తొట్టె నిండినప్పుడు అతుకు మునిగి, కూలర్ ఇనుప పెట్టంతా షాక్ కొడుతుంది. ఇక్కడ కూలర్ తిరుగుతుండగానే పైపు పెట్టి నింపేవాళ్లు చాలామంది.

ఒక మే మధ్యాహ్నం ముద్ద నోటి దాకా వచ్చాక గుర్తొచ్చింది. పొద్దున స్మృతి నగర్‌లో బిగించిన కూలర్లో అతుకు పైకి కట్టలేదు. చెబితే పని పోతుంది. చెప్పకపోతే? ఆ ఇంట్లో ఒంటరిగా ఉండే ముసలావిడ నాకు మజ్జిగ కూడా ఇచ్చింది. కట్టే ఉంటాన్లే అని నాకు నేను చెప్పుకున్నాను. ముద్ద మళ్లీ పళ్లెంలో పెట్టేశాను.

"ఏటైంది, తినవేటి?" అన్నాడు బాబాయి.

"పొద్దుటి కూలర్లో అతుకు కిందొగ్గీసాను, బాబాయ్."

ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. ఆయన ఎంగిలి చేత్తోనే స్కూటర్ తీశాడు. "బేగి ఎక్కు!"

మేం వెళ్లేసరికి ఆవిడ వరండాలో పైపు పట్టుకుని, రెండో చెయ్యి కూలర్ వైపు చాపుతోంది. "మాతాజీ, హాథ్ మత్ లగాయియే!" చెయ్యి పెట్టొద్దంటూ బాబాయి గేటు అవతల నుంచే కేక పెట్టాడు. ఆవిడ బెదిరి ఆగిపోయింది. స్విచ్ కట్టేసి మూత తీస్తే నీళ్లు అతుక్కి బెత్తెడు కింద ఉన్నాయి. "గల్తీ మేరీ హై" అని ఆవిడతో చెప్పి తప్పు తనమీద వేసుకున్నాడు. అతుకు మాత్రం నా చేతే కట్టించాడు. మొదటి రెండుసార్లూ ముడి పడలేదు. పడేదాకా పక్కనే నిలబడ్డాడు.

"రేపట్నించి రావొద్దా బాబాయ్?" దారిలో వెనక నుంచి అడిగాను.

"ఎందుకు రావు? ఇన్నాళ్లూ నానేటంటానో అని భయపడ్డావు. నాకు భయపడితే పని పాడైపోద్దిరా. ఆ ముసలమ్మ సెయ్యి గురించి భయపడు."

స్కూటర్ మీద సుపేలా వచ్చేదాకా ఏడ్చాను. ఎండాకాలం దాటింది. నేను ఉండిపోయాను.

బాబాయి పోయి మూడేళ్లవుతోంది. దుకాణం నేనే చూసుకుంటున్నాను, కాలిన తీగచుట్ట ఇంకా మేకునే ఉంది. ఆయన నాకు ధైర్యం నేర్పాడని అంటే అబద్ధమవుతుంది. నిన్న ఒక ఇంట్లో కూలర్ బిగించి, సగం దారి వచ్చి వెనక్కి తిరిగాను. "ఫిర్ క్యా హువా, భయ్యా?" మళ్లీ ఏమైందని ఇంటావిడ నవ్వింది. మూత తీసి చూశాను. అతుకు పైనే ఉంది. ముడి లాగి చూసి, అప్పుడు ఇంటికి వెళ్లాను.