కీచు వినబడని మేస్త్రీ

బండి షెడ్డు గుమ్మం దాటకముందే దాని జబ్బేమిటో చెప్పేసేవాడని ఆయనకు చెవుల మేస్త్రీ అని పేరు పడింది. "బండి మూలిగితే వినిపిస్తుంది, నేను పిలిస్తే వినిపించదు" అని భార్య వేళాకోళం చేసేది. కొన్నాళ్లకు వేళాకోళం కాస్తా నిజమైంది. ముందు సన్నని శబ్దాలు పోయాయి. కుక్కరు ఈల, మనవరాలి గుసగుస. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. ఆ పేరు మీదే కదా ఇన్నేళ్లూ బతికింది.

ఒకరోజు చెల్లెలు కారు తీసుకొచ్చింది. బట్టలు కుట్టే దుకాణం ఆమెది.

"అన్నయ్యా, బండి కదిలితే చాలు, ముందు చక్రం దగ్గర కీచుమంటోంది."

ముందు చక్రంతో పాటు డిస్క్ అనే ఇనుప పళ్లెం తిరుగుతుంటుంది. బ్రేకు తొక్కితే గొట్టంలోని నూనె పిస్టన్‌ను నెడుతుంది, రెండు ప్యాడ్లు ఆ పళ్లేన్ని అటూ ఇటూ నొక్కి పట్టుకుంటాయి. పట్టుకున్నప్పుడల్లా కాస్త అరుగుతాయి. బాగా అరిగాక, ప్యాడుకున్న చిన్న రేకు పళ్లేనికి రాసుకుని, ఇక మార్చమన్నట్టు కీచుమంటుంది. ఆయనకు ఇది నిద్రలో లేపి అడిగినా తెలుసు.

కారును వీధి చివరిదాకా నడిపి వచ్చాడు. ఏమీ వినిపించలేదు. చక్రం విప్పితే కంటికే కనిపించేది. కానీ విప్పడమంటే తన చెవికి అందలేదని ఒప్పుకోవడమే అనిపించింది.

"దుమ్ము పట్టుంటుందమ్మా. అదే పోతుంది."

"నువ్వు చూశావుగా, ఇంక నాకేం దిగులు" అని ఆమె వెళ్లిపోయింది.

శబ్దం పోలేదు. అన్నయ్య చూశాడు కదా అని ఆమె పట్టించుకోలేదు. ప్యాడ్లు పూర్తిగా అరిగి, ఇనుము మీద ఇనుము రాసుకునేదాకా వచ్చింది. ఒకనాడు వంతెన దిగుతుంటే ముందున్న లారీ ఆగింది. ఆమె బలంకొద్దీ బ్రేకు తొక్కింది. కారు గరగరమంటూ వెళ్లి లారీని గుద్దుకుంది. ప్రాణం దక్కింది గానీ కుడిచేతి బొటనవేలు మళ్లీ వంగలేదు. సూది పట్టే వేలు.

ఆస్పత్రిలో ఆయన మంచం పక్కన కూర్చుని, "నాకు వినబడలేదమ్మా" అన్నాడు.

"ఏంటి వినబడంది?"

"ఆ కీచు. చాన్నాళ్లుగా సన్న శబ్దాలేవీ వినబడటం లేదు."

ఆమె కట్టు కట్టిన చేతి వంక చూసుకుంది. "ఆ మాట ఆరోజే చెప్పుంటే చక్రం విప్పి చూసేవాళ్లం కదన్నయ్యా" అంది. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేదనుకున్నాడు ఆయన.

ఇప్పుడు చెవికి మిషను పెట్టుకుంటున్నాడు. అయినా ఏ బండి వచ్చినా ముందు చక్రాలు విప్పి చూడనిదే పంపడు. చెల్లెలు దుకాణంలో కొలతలు మాత్రం తీసుకుంటోంది, కుట్టేది వేరేవాళ్లు. అన్నయ్య ఇంటికి వస్తుంది, అన్నం తింటుంది, వదినతో కబుర్లు చెబుతుంది. కారును మాత్రం వేరే షెడ్డుకు ఇస్తోంది.