ముప్పై ఒకటి మిగిలాయి కదా

మొన్న విరుదునగర్ బజారులో ఒక దుకాణం వెనుక నుంచి బెల్లం పాకం కాగుతున్న వాసన వచ్చింది. ఆగకుండా నడిచాను. అయినా అది చొక్కాకు అంటుకుని ఇంటిదాకా వచ్చింది. రామక్క కొంగు ఎప్పుడూ ఆ వాసనే వేసేది.

తొంభైల మొదట్లో కోవిల్‌పట్టిలో వేరుశనగ మిఠాయి చేసే చిన్న కార్ఖానాలో పనికి చేరాను. నా బడి అయిదో తరగతితో ముగిసింది. అచ్చులూ పెట్టెలూ లెక్కబెట్టడం నేర్పింది రామక్కే. “నోటితో లెక్కేయొద్దురా. తాకి లెక్కబెట్టు. తాకని లెక్క పొయ్యిలోకే” అనేది. పాకం కడాయి ఆమెది. గరిటె నుంచి ఒక చుక్క చన్నీళ్ళలో వేసి, గట్టిపడ్డాక కుడి దవడపళ్ళ మధ్య పెట్టి కొరికేది. టక్కున విరిగితే “దించండ్రా!” అని అరిచేది. కాస్త ముందు దించితే మిఠాయి సాగుతుంది, ఆలస్యమైతే చేదెక్కుతుంది. ఆమె కొరుకుడు తప్పడం నేను చూడలేదు.

ఒక ఏడు దీపావళి పనుల్లో కింది కుడి దవడపన్ను పుచ్చి, పీకించుకుని వచ్చింది. పుండు మానగానే ఆ సందులో పన్ను కట్టించుకోవాలనీ, అందుకు మూడు నాలుగు సార్లు రావాలనీ డాక్టరమ్మ చెప్పిందట.

“ఏమిరా కణక్కుపిళ్ళై, లెక్కలోడివి గదా, నువ్వే సెప్పు. కట్టాల్నా, వద్దా?”

“ముప్పై రెండులో ఒగటి పోతే ఇంగా ముప్పై ఒగటి ఉండాయి గదక్కా. ఇంత పనిలో కడాయి ఇడిసి ఎట్ల పోతావు?”

“ఆమా, బాగా సెప్పితివి! డాక్టరమ్మ కన్నా నీకే బుద్ది ఎక్కువ” అని బుగ్గ పట్టుకుని నవ్వింది. ఆమె నోటిలోకి నేను తొంగి కూడా చూడలేదు. నాకు లెక్క నేర్పిన మనిషి నా లెక్కను నమ్మింది.

పన్ను ఒంటరిగా పని చేయదని నాకు తెలియదు. కిందిది పోగానే దానికి ఎదురున్న పైపన్నుకు పని పోయింది. పోయింది ఒకటి కాదు, రెండు. ఆ పైపన్ను ఏళ్ళ తరబడి మెల్లగా సందులోకి దిగింది. వెనకపన్ను ముందుకు వాలింది. వాలిన చోట మెతుకులు ఇరుక్కుని అదీ పుచ్చింది. బరువంతా ఎడమ వైపు పడితే అక్కడ రెండు పళ్ళు చీలాయి. ప్రతిసారీ పీకించుకుంది, ఏ సందులోనూ పన్ను కట్టించుకోలేదు.

ఒకరోజు ఆమె మిగిలిన పళ్ళతో కొరికి దించమన్న పాకం అచ్చులో గట్టిపడలేదు. మరుసటి వాయీ అంతే, కత్తికి సాగింది. “నీళ్ళు సరిలేదు” అంది రామక్క. కార్ఖానా యజమాని, మా ముదలాళి, అరవలేదు. “అక్కా, ఇంగ కాయితం సుట్టే బల్లకాడ కూసో” అన్నాడు. ఆమె కూర్చుంది. కడాయి వైపు వీపు పెట్టుకుని కూర్చుంది.

రెండువేల సంవత్సరం దాటాక నేను విరుదునగర్‌లో స్థిరపడ్డాను. అప్పటికి ఆమె గంజి మీదే బతుకుతోంది, చెంపలు లోపలికి పోయాయి. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. మొదటి పన్ను పీకిన కొన్ని నెలల్లోనే కట్టించి ఉంటే పక్కవి నిలిచేవని డాక్టరు చెప్పాడు. ఇప్పుడు మిగిలినవి తీసి మొత్తం సెట్టు పెట్టినా, దవడ ఎముక కరిగిపోయింది కనుక సరిగా పట్టదన్నాడు.

బయట బల్ల మీద కూర్చుని ఆమె నోరు తెరిచింది. “ఇంగ ఎన్ని ఉండాయో లెక్కబెట్టరా.”

వేలితో ఒక్కొక్కటే తాకాను. “పదిహేడక్కా.”

“పదిహేడా! నేను పదే అనుకుంటిని” అని సంతోషపడింది.

పైదీ కిందిదీ ఒకదానికొకటి తగిలేవి అందులో ఒక్క జతే. ఆ లెక్క ఆమెకు చెప్పలేదు. తర్వాతి ఏడు ఆమె పోయింది. ఆ లెక్క ఇంకా నా దగ్గరే ఉంది.